ఆరో తరగతి పాపకు ప్రాచీన చరిత్ర పుస్తకాలు ఏవి మంచివి?

ఈజిప్టులో దొరికిన రోసెట్టా శిల మీద ఒకే శాసనం మూడు లిపుల్లో ఉందని, దాని సాయంతోనే 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పాడని మా పాపకు చెప్పాను. "మరి సింధు లిపిని ఇంకా ఎందుకు చదవలేకపోతున్నారు?" అని వెంటనే అడిగింది. ఇలాంటి ప్రశ్నలు పుట్టించే పుస్తకాలే కావాలండీ.

కొన్న రెండూ నచ్చలేదు. ఒకదాంట్లో అన్నీ రాజులు, యుద్ధాలు, తేదీలే. ఇంకోటి మరీ చిన్నపిల్లలది. మామూలు జనం ఏం తిన్నారు, పిల్లలు ఏం ఆడుకున్నారు, అవన్నీ తవ్వకాల్లో ఎలా తెలిశాయి అన్నది ఉండాలి. పురాణాన్ని, చరిత్రను కలిపేయకూడదు. మ్యాపులు తప్పనిసరి.

మీ పిల్లలు ఇష్టంగా, తమంతట తాము చదివినవి ఉంటే పేర్లు చెప్పండి. మెసొపొటేమియా, ఈజిప్టు, సింధు నాగరికతలకు విడివిడిగా కొనాలా, లేక మొదట అన్నీ కలిపిన పుస్తకం ఒకటి సరిపోతుందా?