టూర్లో రాత్రి బస ఎక్కడ: కంపెనీ చెప్పిన హోటల్లోనా, పనున్న ఊళ్ళో లాడ్జిలోనా?

చెరువుగట్టు:
హైదరాబాదులో ఆఫీసున్న ఒక రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్ని. నెలకు పన్నెండు, పదమూడు రాత్రులు భీమవరం, ఉండి, ఆకివీడు వైపే గడుస్తాయి. ఇన్నాళ్ళూ భీమవరంలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగేవాణ్ణి. గది 1,200. ఈ నెల నుంచి కొత్త రూలు పెట్టారు: విజయవాడలో కంపెనీ మాట్లాడిన హోటల్లోనే ఉండాలి. గది 2,400. అక్కణ్ణుంచి రోజూ కారులో వెళ్ళి రావాలి, దానికి ఇంకో 3,500. లాడ్జి బిల్లు పెడితే పాస్ చెయ్యరట.

నా గొడవ డబ్బు గురించి కాదు. రొయ్యల చెరువుకి గండం తెల్లవారుజామునే. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకోవడమే తప్ప ఇవ్వదు. సూర్యోదయానికి ముందు డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. 4 పీపీఎం కిందికి దిగిందంటే రైతు నిద్రపోడు. మీటరు పట్టుకుని గట్టు మీద ఉండాల్సింది ఆ టైములో. విజయవాడ నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా వంద కిలోమీటర్ల పైమాటే. అయిదింటికి గట్టు మీద నిలబడాలంటే రెండింటికి లేవాలి.

మొన్న ఆరున్నరకి చేరాను. రైతు ఏమీ మాట్లాడకుండా చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్ళెం, ఎత్తి చూపించాడు. రాత్రి వేసిన మేత మేసినట్టే లేదు, పక్కన నాలుగు రొయ్యలు తెల్లబడి పడున్నాయి. "ఎండెక్కాక మీటరు పెడితే ఏం తెలుస్తుంది బాబూ" అన్నాడు. ఆ మాట ఇంకా మనసులో నలుగుతోంది.

మీ కంపెనీల్లో ఎలా ఉంది? పనున్న ఊళ్ళోనే ఉంటానని పట్టుబట్టడం తప్పా?

లెక్కల బల్ల:
నేను అకౌంట్స్ వాణ్ణి. మా వైపు మాట కూడా వినండి. లాడ్జి కౌంటర్లో ఖాళీ బిల్లు చింపి చేతికిచ్చి "ఎంత కావాలంటే అంత రాసుకోండి సార్" అన్న అనుభవం మీలో ఎవరికి లేదు? మా దగ్గర ఒకే తేదీన ఇద్దరి పేర్ల మీద ఒకే గది నంబరుతో రెండు బిల్లులొచ్చాయి. ఒకరిద్దరు చేసిన పనికి అందరినీ అనుమానించడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ ఆడిట్లో సమాధానం చెప్పుకోవాల్సింది నేను. ఒక హోటలుతో మాట్లాడుకుంటే బిల్లు నేరుగా కంపెనీకి వస్తుంది, జీఎస్టీ క్రెడిట్ (గది మీద కట్టిన పన్నుని కంపెనీ కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వస్తుంది, రాత్రి ఏదన్నా జరిగితే మనవాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది.

జీఎస్టీ ప్రాక్టీసు, గుంటూరు:
క్రెడిట్ సంగతి ఒక్కటి సరిచేస్తాను. హోటల్ గదికి సప్లై జరిగిన చోటు అంటే ఆ భవనం ఉన్న చోటే. విజయవాడ హోటలు ఆంధ్రా పన్ను వేస్తుంది. మీ కంపెనీకి తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉంటే ఆ క్రెడిట్ రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు పన్ను 5 శాతమే. 2,400 గది మీద 120 రూపాయలు. క్రెడిట్ వచ్చినా ఆ 120 కోసం 3,500 పెట్టి కారు తిప్పడం ఏ లెక్క? ఇంకో మాట, ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటని లాడ్జి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. జీఎస్టీ నంబరు లేనంత మాత్రాన అది దొంగ బిల్లు కాదు.

పాత రెప్:
ఇరవై ఎనిమిదేళ్ళు మెడికల్ రెప్పుగా మందుల బ్యాగు మోశాను. లాడ్జిలో నాకు కావలసింది రెండే: 24 గంటల చెక్ అవుట్, పొద్దున వేడినీళ్ళు. హైదరాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. ఆరింటికి గదిలోకి వెళితే లాడ్జి వాడు మర్నాడు ఆరింటిదాకా అడగడు. స్నానం చేసి, డాక్టర్లను కలిసి, సాయంత్రం మళ్ళీ గోదావరికే తిరుగు ప్రయాణం, ఒక్క రోజు అద్దెతో. మధ్యాహ్నం పన్నెండింటికల్లా గది ఖాళీ చెయ్యాలనే లెక్క ఉన్న పెద్ద హోటలైతే అదే స్నానానికి రెండు రోజుల అద్దె. ఇవి కంపెనీల్లో రూములు బుక్ చేసేవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కవు. కింద ఫంక్షన్ హాలున్న హోటలైతే ముహూర్తాల రోజుల్లో అసలు వద్దు, అర్ధరాత్రి దాకా డీజే.

తమ్ముడూ, నువ్వు భీమవరంలోనే ఉండు. సంక్రాంతి మూడు రోజులు మాత్రం వదిలెయ్. కోడిపందేలకొచ్చే జనంతో ఆ ఊళ్ళో గది అనే మాటే ఉండదు.

విత్తనాల ఫీల్డ్ ఆఫీసర్:
అన్నలూ, మీ మాటలన్నీ మగవాళ్ళ లెక్కలో ఉన్నాయి. నేను నంద్యాల, కర్నూలు వైపు పత్తి విత్తన పొలాలు చూస్తాను. వేడినీళ్ళ కంటే ముందు గది తలుపు గడియ చూస్తాను. లోపలి గొళ్ళెం వదులుగా ఉంటే వేరే గది అడుగుతాను. రిజిస్టరు కౌంటర్ మీద తెరిచి ఉంచి, నా ఫోన్ నంబరు పక్కవాడికి కనపడేలా రాయమంటే రాయను. 2013 లైంగిక వేధింపుల చట్టంలో పనిచేసే చోటు అంటే ఆఫీసు ఒక్కటే కాదు, ఉద్యోగం మీద వెళ్ళిన ప్రతి చోటూ అందులోకే వస్తుంది. కాబట్టి నన్ను ఎక్కడ ఉంచాలన్నది కంపెనీ బాధ్యత కూడా. కంపెనీ ఒక హోటలు చూసి పెట్టడం నాకు మంచిదే. కాకపోతే అది నేను పనిచేసే ఊళ్ళో ఉండాలి. వంద కిలోమీటర్ల అవతల హోటలు పెట్టి చీకట్లో రోడ్డెక్కించడం భద్రత ఎలా అవుతుంది?

మరో సంగతి మీరెవరూ ఎత్తలేదు. 2020 ఆగస్టులో విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్లో మంటలొచ్చి 10 మంది పోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. 8 మంది పోయారు. వాళ్ళలో పని మీద ఊరొచ్చి దిగినవాళ్ళున్నారు. అప్పటి నుంచి గదిలో బ్యాగు పెట్టగానే మెట్లదాకా నడుస్తాను, మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకుంటాను. పొగలో కళ్ళు పనిచెయ్యవు, గోడ తడుముకుంటూ పోవాలి. కింద ఏ షాపుందో, కిటికీకి ఊచలు బిగించేశారో లేదో చూస్తాను. రెండో మెట్లదారి లేకపోతే అద్దె ఎంత తక్కువైనా దిగను.

లెక్కల బల్ల:
క్రెడిట్ విషయంలో నేను తప్పు, ఒప్పుకుంటున్నాను. ఖాళీ బిల్లుల విషయంలో కాదు. చెల్లెమ్మ చెప్పినట్టు పనున్న ఊళ్ళోనే ఒకట్రెండు చోట్లు మేమే వెళ్ళి చూసి, డబ్బు నేరుగా కట్టేస్తే నా ఇబ్బందీ తీరుతుంది. మాకు అలాంటి ఊళ్ళు నలభై దాకా ఉన్నాయి. ఎవరు వెళ్ళి చూస్తారన్నదే ప్రశ్న.

పాత రెప్:
ఎవరో ఎందుకు? రాత్రీ పగలూ అక్కడ పడుకుని లేచేది రెప్పులే. వాళ్ళనే అడగండి.

చెరువుగట్టు:
ఫీల్డ్ ఆఫీసర్ గారు రాసింది చదివి నిన్న రాత్రి, బిల్లు పాస్ కాకపోయినా సరేనని మా పాత లాడ్జిలోనే దిగి, వెనక మెట్లు వెతికాను. నాలుగేళ్ళుగా దిగుతున్నాను, ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. వరండా చివర తలుపుకి తాళం. దాని ముందు పాత పరుపులు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. రూం బాయ్‌ని తాళంచెవి అడిగితే "ఓనరు గారి దగ్గరుంది సార్" అన్నాడు. ఓనరు ఉండేది ఇంకో ఊళ్ళో. ఆ మంచం మీద మళ్ళీ నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున చెరువు పని అయ్యాక భీమవరంలోనే మూడు చోట్లు తిరిగాను. మూడోది బాగుంది: రెండు వైపులా మెట్లు, రెండూ తీసే ఉన్నాయి, కింద టిఫిన్ సెంటరు వంట వెనక షెడ్డులో. గది 1,600, మీద పన్ను 80, కంప్యూటర్ బిల్లు. రైతు చెరువు అక్కణ్ణుంచి బైకు మీద ఇరవై నిమిషాలు. ఈ మూడు చోట్ల మెట్ల ఫోటోలు, అద్దెలు, మొన్న నేను ఆలస్యంగా తీసిన డీవో రీడింగు అన్నీ కలిపి మా మేనేజరు గారికి రాత్రే పంపుతున్నాను. విజయవాడ రూలు ఎత్తేస్తారో లేదో సోమవారం తెలుస్తుంది. ఈలోపు ఆకివీడులో రెండు మెట్లదారులున్న లాడ్జి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, బుధవారం అక్కడ రాత్రి ఉండాలి.