హార్ట్ అటాక్ తర్వాత గుండె గోడకి చిల్లు, ఆపరేషన్‌కి ఎందుకు ఆగమంటున్నారు?

ప్రశ్న: మా నాన్నకి 68. ఆదివారం అటాక్ వస్తే స్టెంట్ వేశారు, బాగానే ఉన్నాడు అనుకున్నాం, గురువారం పొద్దున ఒక్కసారిగా ఆయాసం, బీపీ పడిపోయింది, ఎకో తీసి కింది గదుల మధ్య గోడకి చిల్లు పడిందన్నారు. తొడలోంచి గుండెకి సాయం చేసే బెలూన్ పంప్ పెట్టారు గానీ ఆపరేషన్ కొన్ని రోజులు ఆగుదాం అంటున్నారు. వెంటనే కుట్టెయ్యొచ్చు కదండీ? అమ్మకి ఏం చెప్పాలో తెలీట్లేదు.

జవాబు: కార్డియాక్ థియేటర్లో పనిచేస్తానండి. రక్తం అందక చచ్చిపోయిన కండ నానిన అట్టముక్కలా ఉంటుంది, సూది దిగుతుంది గానీ దారం బిగిస్తే తెగిపోతుంది. అందుకే అంచులు గట్టిపడేదాకా ఆగుతారు, అదీ బీపీ, కిడ్నీలు నిలబడితేనే. చిల్లుని దగ్గరికి లాగి కుట్టరు, పశువు గుండె చుట్టూ ఉండే పొరతో చేసిన ప్యాచ్‌ని పెద్దగా కత్తిరించి, చుట్టూ ఉన్న మంచి కండకి పట్టేలా కుడతారు. 1956లో డెంటన్ కూలీ అనే అమెరికన్ సర్జన్ మొదటిసారి చేశాడు, ఇప్పటికీ చాలా రిస్కున్న ఆపరేషనే, దాచి లాభం లేదు.

ఇంకో జవాబు: మా మామయ్యకి బయటి గోడ చిట్లింది, రక్తం గుండె చుట్టూ చేరి నొక్కేసింది, అప్పుడు ఆగే ప్రశ్నే లేదు, అర్ధరాత్రే తీసుకెళ్లారు. మీది వేరే. యూరిన్ ఎంత వస్తుందో, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగ్గా అందకపోతే రక్తంలో పెరిగేది) తగ్గుతోందో లేదో రోజూ అడగండి, పరిస్థితి దిగజారితే ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే మెషిన్) ఉందా అనేది ఇప్పుడే కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఇప్పుడే అడిగా, రాత్రి నుంచి యూరిన్ బాగానే వస్తోందట.