వరి: ఆకు లెక్క ఒకటి, కుండీ లెక్క ఇంకొకటి
రెండు వరి రకాలు కుండీల్లో ఉన్నాయి, నాటి 45 రోజులు. ఆకు మందంగా, వెడల్పు తక్కువగా ఉన్న రకానికి గ్యాస్ ఎక్స్ఛేంజ్ మీటర్‌లో (ఆకు తీసుకునే కార్బన్ డయాక్సైడ్‌నీ, వదిలే నీటి ఆవిరినీ కొలిచే పరికరం) నీటి వినియోగ సామర్థ్యం, అంటే పోయిన నీటికి మొక్క ఎంత కార్బన్ పట్టుకుందన్న లెక్క, ఎక్కువ వస్తోంది (ఉదయం 9-11, పూర్తిగా విచ్చుకున్న పై ఆకు, కాంతి 1500 మైక్రోమోల్స్, కార్బన్ డయాక్సైడ్ 400 పీపీఎం). కానీ రోజూ కుండీలు తూచి, చివర్లో కొన్ని మొక్కలు కోసి ఎండు బరువుతో లెక్కేస్తే రెండో రకమే ముందుంది!

ఛాంబర్ (మీటర్‌లో ఆకుని బిగించే చిన్న గది) నిండని ఆకుకి విస్తీర్ణం సరిచేశాను, మీటర్ మళ్లీ క్యాలిబ్రేట్ చేశాను, మట్టి నుంచి ఆవిరి పోకుండా పైన ప్లాస్టిక్ కప్పాను, అయినా తేడా అలాగే ఉంది. ఒక్కటి గమనించాను: నీళ్లు ఆపిన మూడో రోజు నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా రెండో రకం ఆకులు గొట్టంలా చుట్టుకుంటున్నాయి, మొదటిది మాత్రం చాపలా పరుచుకునే ఉంటోంది. చుట్టుకున్న ఆకు నుంచి నీరు తక్కువ పోతుంది కాబట్టి తేడా ఇక్కడే ఉందేమో అనిపిస్తోంది. ఛాంబర్‌లో పెట్టాలంటే ఆ చుట్ట విప్పాలి, విప్పితే కొలతకి అర్థమే లేదు.

చుట్టుకున్న ఆకుని విప్పకుండా ఆ మధ్యాహ్నపు నీటి నష్టాన్ని మీరెలా కొలుస్తున్నారు?