మాక్స్ ష్మెలింగ్ వృత్తి జీవితాన్ని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న (గుణుపురం నుంచి):

రాయగడ జిల్లా గుణుపురంలో సాయంత్రం వేళ బాక్సింగ్ నేర్చుకునే కుర్రవాళ్లకు నాకు తెలిసినంతలో సాయం చేస్తుంటాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కాబట్టి పాత ఆటగాళ్ల సంగతులు వారికి తెలుగులోనే చెబుతాను. మొన్న జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ ప్రస్తావన వచ్చినప్పుడు మా సీనియరు ఒకరు, "ఎదుటివాడు ఫౌల్ చేస్తే ఛాంపియన్ అయ్యాడు, జో లూయీ చేతిలో మొదటి రౌండులోనే పడిపోయాడు, ఇంకేముంది?" అని కొట్టిపారేశారు. ఆ రెండూ నిజమే. కానీ 1936లో అదే అమెరికా బాక్సర్ లూయీని ఓడించిన మనిషిని అంత తేలికగా తీసిపారేయవచ్చునా? ఆ గెలుపు తరువాత టైటిల్ పోటీ ఇతనికి రాకుండా ఓడిన లూయీకి ఎలా దక్కింది? తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం 1 (బరంపురం నుంచి):

మీ సీనియరు గారు 1930 దగ్గర మొదలుపెట్టి 1938కి గెంతారు, చిక్కంతా అక్కడే ఉంది. ష్మెలింగ్ 1924లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1927లో యూరప్ లైట్ హెవీవెయిట్ టైటిల్, 1928లో జర్మనీ హెవీవెయిట్ టైటిల్ గెలిచి అమెరికా వెళ్లాడు. అక్కడ 1929లో జానీ రిస్కోను, పౌలినో ఉస్కుదున్‌ను ఓడించిన తరువాతే, జీన్ టన్నీ విరమించుకోవడంతో ఖాళీ అయిన ప్రపంచ టైటిల్ కోసం జాక్ షార్కీతో పోటీ దొరికింది. 1930 జూన్ 12న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, నాలుగో రౌండులో షార్కీ నడుము కింద కొట్టినందుకు అతన్ని అనర్హుడిగా ప్రకటించి టైటిల్ ష్మెలింగ్‌కు ఇచ్చారు. ఆ గెలుపును అప్పుడే చాలామంది వెక్కిరించారు. అయితే మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌లో యంగ్ స్ట్రిబ్లింగ్‌ను పదిహేనో రౌండు వరకూ లాక్కెళ్లి ఆపించినప్పుడు, టైటిల్ నిలబెట్టుకునే సత్తా తనకు ఉందని చూపించాడు. 1932లో షార్కీతో జరిగిన రెండో పోటీలో న్యాయనిర్ణేతలు ఏకాభిప్రాయం లేకుండానే షార్కీకి విజయం ఇచ్చారు, గెలిచింది ష్మెలింగే అని రింగు పక్కన చూసినవారిలో చాలామంది అన్నారు. మొదటిదాన్ని లెక్కలోంచి తీసేస్తే రెండోదాన్ని కూడా తీసేయాలి కదా.

సమాధానం 2 (పర్లాకిమిడి నుంచి):

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, 1933లో మాక్స్ బేర్ చేతిలో పదో రౌండులో, మరుసటి ఏడాది స్టీవ్ హమాస్ చేతిలో ఓడిన సంగతినీ దాచకూడదు. ఆ ఓటముల తరువాత అతని పని అయిపోయిందనుకున్నారు. అందుకే 1936 జూన్ 19 నాటి పోటీ నాకు అంత ముఖ్యంగా కనిపిస్తుంది.

అప్పటికి లూయీకి ఇరవై రెండేళ్లు, ప్రొఫెషనల్‌గా ఓటమి ఎరుగడు. ష్మెలింగ్‌కు ముప్పై. లూయీ పోటీలను, వాటి ఫిల్ములను ఓపికగా చూసి అతనొక విషయం పట్టాడు: లూయీ ఎడమచేత్తో జాబ్ (ముందున్న చేత్తో సూటిగా, వేగంగా కొట్టే దెబ్బ) కొట్టాక ఆ చేతిని వెనక్కి తెచ్చేటప్పుడు గెడ్డం దగ్గరికి కాకుండా కిందికి దించుతున్నాడు. ఆ క్షణంలో దవడ ఖాళీగా ఉంటుంది, కుడిచేతి దెబ్బకు దారి దొరుకుతుంది. ఇలాంటి లోపాన్ని బయట కూర్చొని గమనించడం ఒక ఎత్తు, అవే జాబులు ముఖాన తింటూ సమయం కోసం కాచుకొని కుడిచేయి వదలడం మరో ఎత్తు. నాలుగో రౌండులో లూయీ కింద పడ్డాడు, ఆ తరువాత కోలుకోలేక పన్నెండో రౌండులో నాకౌట్ అయ్యాడు. దీన్ని అదృష్టమంటే నేను ఒప్పుకోను.

సమాధానం 3 (బరంపురం నుంచి, మరొకరు):

మీ రెండో ప్రశ్నకు జవాబు డబ్బు, రాజకీయం. అప్పటి ప్రపంచ ఛాంపియన్ జేమ్స్ బ్రాడక్ ష్మెలింగ్‌తో పోటీకి ఒప్పందం చేసుకున్నాడు. కానీ నాజీ పాలన మీద వ్యతిరేకత వల్ల ఆ పోటీని బహిష్కరిస్తారన్న భయం ఉంది, లూయీతో అయితే రాబడి ఎక్కువ. పైగా లూయీ భవిష్యత్ పోటీల లాభంలో బ్రాడక్ పక్షానికి వాటా ఇస్తామన్నారు. చివరకు 1937 జూన్‌లో షికాగోలో లూయీ, బ్రాడక్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. 1938 జూన్ 22న ష్మెలింగ్‌ను రెండు నిమిషాల నాలుగు సెకన్లలో ముగించాడు. నాజీలు తమ గొప్పకు వాడుకున్న ఈ మనిషి ఆ పార్టీ సభ్యుడు కాడు, తన యూదు మేనేజరు జో జేకబ్స్‌ను వదులుకోమని ఒత్తిడి చేసినా వదల్లేదు. యుద్ధం తరువాత డబ్బు అవసరమై మళ్లీ రింగులోకి వచ్చి, 1948లో బెర్లిన్‌లో ఓటమితో విరమించాడు.

ప్రశ్నించినవారు:

అందరికీ ధన్యవాదాలు. పర్లాకిమిడి మాస్టారు చెప్పిన జాబ్ లోపం మా కుర్రవాళ్లలో సగంమందికి ఉంది. దానిని ఎలా సరిదిద్దాలి?

సమాధానం 2 రాసినవారు:

జాబ్ కొట్టిన చేయి ఏ దారిన వెళ్లిందో ఆ దారినే గెడ్డం దగ్గరికి రావాలని చెప్పండి. ఎదుట ప్యాడ్లు పట్టుకున్నవారు ప్రతి జాబ్ తరువాత ఆ దవడ వైపు ప్యాడ్‌ను మెల్లగా ఆనించాలి, చేయి దించినవాడికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. అలిసిపోయినప్పుడే ఈ లోపం బయటపడుతుంది కాబట్టి సాధన మొదట్లో కాకుండా చివరి రౌండులో చేయించండి.