ఆర్మీ బాల్‌కి మొదటిసారి వెళ్తున్నాను, చీర కట్టుకోవచ్చా?

గుంటూరు అమ్మాయి (కిలీన్, టెక్సాస్):
అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి ఏడాది. మావారు అమెరికా ఆర్మీలో సార్జెంట్. జూన్ 14 ఆర్మీ పుట్టినరోజు కదా, ఆ వారంలోనే వాళ్ల యూనిట్ బాల్, అంటే విందు, డాన్సు ఉండే పెద్ద లాంఛన వేడుక ఉంది. టికెట్లు కొనేశారు. ఆయన్ని ఏమడిగినా "వచ్చి కూర్చో, నేను లేస్తే నువ్వూ లే" అంటారు, అంతే. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. గౌనే వేసుకోవాలా, చీర ఫరవాలేదా? నేను శాకాహారిని, మందు ముట్టను. అందరూ గ్లాసులు ఎత్తినప్పుడు నేనేం చేయాలి? నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. వాళ్ల జాతీయగీతానికి గుండె మీద చెయ్యి పెట్టుకోవాలా? ఆయన పైఅధికారుల ముందు నా వల్ల ఏ పొరపాటూ జరగకూడదు, అదే నా భయం.

పదేళ్ల ఆర్మీ ఇల్లాలు:
చెల్లీ, చీర నిక్షేపంగా కట్టుకో. పాదాల దాకా ఉండే దుస్తులైతే చాలు, మన చీరను మించింది ఏముంది? నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గౌను వేసుకోలేదు. మీవారి కోటు ముదురు నీలం, ప్యాంటు లేత నీలం, దానికి బంగారు చార ఉంటుంది. పక్కన మెరూన్ గానీ ముదురు ఆకుపచ్చ గానీ జరీ అంచుతో బాగా నప్పుతాయి. బరువైన కంచిపట్టు వద్దు. నాలుగైదు గంటలు కూర్చోవాలి, నిలబడాలి, తర్వాత డాన్సు కూడా ఉంటుంది. పైట కుచ్చిళ్లు పెట్టి గట్టిగా పిన్ను చేసుకో. చిన్న పర్సు ఎడమ చేతిలో పట్టుకో, కుడిచెయ్యి కరచాలనాలకు ఖాళీగా ఉండాలి. హోటల్ హాల్లో ఏసీ చలి ఎక్కువ, శాలువా మర్చిపోకు.

భోజనం సంగతి ఈరోజే మీవారిని అడుగు. టికెట్లు కొనేటప్పుడే చికెనా, బీఫా, శాకాహారమా అని రాయించుకుంటారు. అది నమోదు కాకపోతే అక్కడికెళ్లాక ఇబ్బంది పడేది నువ్వే.

టోస్టులకు, అంటే ఎవరి గౌరవార్థమో అందరూ గ్లాసులెత్తేటప్పుడు, మంచినీళ్లో జ్యూసో ఎత్తినా తప్పు లేదు. లేచి నిలబడి, వాళ్లు చెప్పిన చివరిమాట అందరితో కలిసి పలికి, ఒక గుటక తాగితే అయిపోయింది. ఒకటి గుర్తుంచుకో. భార్యలకో, జీవిత భాగస్వాములకో అని టోస్టు చెబితే మనం లేవకూడదు, గ్లాసు ఎత్తకూడదు. ఆ గౌరవం మనకే కాబట్టి కూర్చునే అందుకోవాలి. గ్రాగ్ బౌల్ అని ఒక పెద్ద పాత్రలో రకరకాల పానీయాలు కలుపుతారు. దాని జోలికి నువ్వు పోనక్కర్లేదు. చాలాచోట్ల మందు లేనిది విడిగా పెడతారు.

ఇక అసలు సంగతి. హాల్లో ముందువైపు ఒక చిన్న గుండ్రటి బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ, ఒక ఎర్ర గులాబీ, పళ్లెంలో నిమ్మచెక్క, కాస్త ఉప్పు, బోర్లించిన గ్లాసు, కొవ్వొత్తి, ఖాళీ కుర్చీ. నా మొదటి బాల్‌లో అది ఎవరూ కూర్చోని బల్ల అనుకుని ఆ కుర్చీ మీద పర్సు పెట్టబోయాను. ఒక పెద్దావిడ మెల్లగా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అది యుద్ధంలో పోయినవాళ్లకు, బందీలైనవాళ్లకు, తిరిగిరాని వాళ్లకు వేసిన చోటు. దీపాలు తగ్గించి ఒక్కొక్క వస్తువుకీ అర్థం చదువుతారు. నిమ్మచెక్క వాళ్ల చేదు రాతకు, ఉప్పు ఇంట్లోవాళ్ల కన్నీళ్లకు, గ్లాసు బోర్లించింది వాళ్లు మనతో టోస్టు చెయ్యలేరు కనుక. మనం పెద్దల అమావాస్యకు విస్తరి వేస్తామే, నాకు అదే గుర్తొచ్చింది. ఆ కాసేపు ఫోను ముట్టుకోకు, మీవారి వైపు ఒక్కసారి చూడు. మిగతా మర్యాదల్లో ఏది తప్పినా ఎవరూ ఏమనుకోరు, ఈ ఒక్కటి మాత్రం మనసు పెట్టి చూడు.

యూనిఫాంలో ఉన్న తమ్ముడు:
అక్కా, రిసీవింగ్ లైన్ గురించి, అంటే కమాండర్ వాళ్లు వరుసగా నిలబడి అతిథులను పలకరించే చోటు గురించి నేను చెప్తాను. ఆర్మీలో మామూలుగా ఆడవాళ్లు ముందు నడుస్తారు, భర్త వెనక. లైన్‌లో మొదట నిలబడే అడ్జుటెంట్‌కి (కమాండర్‌కి సహాయకుడైన అధికారి) పేరు చెప్తే ఆయన పక్కనున్న కమాండర్‌కి చెప్తారు. అడ్జుటెంట్‌తో మాత్రం కరచాలనం చెయ్యరు. చేతిలో గ్లాసు, తిండి లేకుండా లైన్‌లోకి వెళ్లాలి. ఒక్క మాట పలకరించి ముందుకు కదలాలి, వెనక వంద మంది ఉంటారు.

జాతీయగీతానికి మీరు గుండె మీద చెయ్యి పెట్టుకోనక్కర్లేదు. జెండాకు వందనం గురించి అమెరికా చట్టమే ఇతర దేశాల పౌరులు అటెన్షన్‌లో నిలబడాలని చెబుతోంది. చేతులు కిందికి ఉంచి, జెండా వైపు తిరిగి కదలకుండా నిలబడండి. సెల్యూట్ మీ పని కాదు. ఇంకొకటి, జెండాలు లోపలికి తెచ్చే ముందే బాత్‌రూమ్‌కి వెళ్లిరండి. కార్యక్రమం మధ్యలో లేచి బయటకు వెళ్లడం బాగుండదు. జెండాలు తిరిగి తీసుకెళ్లాకే డాన్సు, కబుర్లు.

మెరైన్ ఇంటి నుంచి:
మా మెరైన్ల (ఆర్మీ కాకుండా అమెరికాకున్న మరో సైనిక దళం) బాల్ నవంబరులో ఉంటుంది, వాళ్ల పుట్టినరోజు 1775 నవంబరు 10. కేకు కత్తితో కోసి, మొదటి ముక్క ముఖ్య అతిథికి, తర్వాతిది అక్కడున్న మెరైన్లలో వయసులో పెద్దవాడికి ఇస్తారు. ఆయన దాన్ని అందరిలో చిన్నవాడికి అందిస్తాడు. మీ దగ్గరా పెద్దవాడు, చిన్నవాడు కలిసి కేకు కోయడం ఉండొచ్చు, దాన్ని మిస్సవకండి.

గుంటూరు అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. అడిగితే తెలిసింది, ఆయన నాకు చికెన్ అని రాయించారట! ఇప్పుడే మార్పించారు. నా పేరు పొడుగ్గా ఉంటుంది, అడ్జుటెంట్ పలకలేకపోతే?

పదేళ్ల ఆర్మీ ఇల్లాలు:
ఇంట్లో పిలిచే పొట్టి పేరు నిదానంగా చెప్పమ్మా. తప్పు పలికితే కమాండర్ దగ్గర నవ్వుతూ నువ్వే మళ్లీ చెప్పు. ఆయన్ని ర్యాంకుతో, ఇంటిపేరుతో పలకరిస్తే సరిపోతుంది.

గుంటూరు అమ్మాయి:
నిన్న రాత్రి వెళ్లొచ్చాం. మెరూన్ గద్వాల చీర కట్టుకున్నాను. పేరు సరిగ్గానే పలికారు, కూరగాయల పాస్తా వచ్చింది. బల్ల గురించి చదువుతున్నప్పుడు మావారు నా చెయ్యి పట్టుకుని చివరిదాకా వదల్లేదు. ఇంటికొచ్చాక పాత యూనిట్ ఫొటోలు తీశారు. ఇన్నాళ్లూ నాకు చూపించనివి. ఒక్కొక్కరి గురించి చెబుతూ ఉంటే పడుకునేసరికి రెండు దాటింది.