అందరినీ ఒకచోట కూర్చోబెట్టాం, గాలి మాత్రం మారలేదు. ఎక్కడ తప్పు చేశాం?

మూడోఅంతస్తు:
నమస్తే అండి. మా చుట్టుపక్కల గాలి బాగు చేయించాలని నాలుగు నెలలుగా తిరుగుతున్నాం. నగరపాలక ఇంజినీరు, బస్ డిపో మేనేజరు, ఇద్దరు బిల్డర్లు, బడి హెడ్‌మాస్టరు, పక్కనున్న ఫౌండ్రీ యజమాని, మా సంఘం, అందరం రెండుసార్లు ఒకే గదిలో కూర్చున్నాం. రెండుసార్లూ అదే వరస. డిపో వాళ్లు బిల్డర్ల దుమ్ము అంటారు, బిల్డర్లు ఫౌండ్రీ పొగ అంటారు, ఫౌండ్రీ ఆయనేమో మా వీధిలో తగలబెట్టే చెత్త చూపిస్తాడు. బాల్కనీ రెయిలింగ్ పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలికి నల్లగా అంటుతోంది. అమ్మకి ఆస్తమా, చలికాలం వస్తోందంటేనే టెన్షన్. మూడో మీటింగ్ పెట్టాలా, నేరుగా కోర్టుకే వెళ్లాలా?

పొగమంచు:
మీ గదిలో అందరూ ఉన్నారు, లెక్క ఒక్కటే లేదు. అందుకే ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు. రెయిలింగ్ మీద చేతికి అంటుకునే మసి కంటే కంటికి కనపడని పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఎక్కువ ప్రమాదం, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి ఘనపు మీటరుకు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటున 15. మీ దగ్గర ఏ గంటలో ఎంత ఉందో ముందు తెలియాలి.

మేం చేసిన తప్పు మీరు చేయకండి. గాలిలో ధూళి కొలిచే చవక సెన్సర్ కొని గోడకి పెట్టి, మంచు పట్టిన రోజు అంకె పట్టుకుని మీటింగ్‌కి పోయాం. తేమకి రేణువులు ఉబ్బుతాయి, ఆ సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మా పక్కనున్న ఫ్యాక్టరీ ఇంజినీరు ఆ ఒక్క మాట అనేసరికి మిగతా కాగితాలు ఎవరూ చూడలేదు. తర్వాత ప్రభుత్వ కొలత కేంద్రం పక్కన రెండు వారాలు పెట్టి, తేడా సరిచేసుకుని, బిగించేటప్పుడు ఆయన్ని కూడా పిలిచాం. తన కళ్ల ముందు బిగించిన దాన్ని ఆయన తప్పని అనలేదు. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో కూడా గంట గంటకీ రాసుకోండి.

ఇంకోటి, మీ పీఎం 2.5 అంతా మీ వీధిలో పుట్టింది కాదు. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, పొలాల నుంచి వచ్చే అమ్మోనియా గాలిలోనే కలిసి రేణువులవుతాయి, చాలా దూరం నుంచి కొట్టుకొస్తాయి. మొత్తం ఫౌండ్రీ నెత్తిన రుద్దితే ఆయన రెండో మీటింగ్‌కి వచ్చినట్టు మూడోదానికి రాడు.

వానాకాలం:
లెక్క సరే, ఖర్చెవరిదో కూడా తేల్చుకోవాలి. లండన్‌లో 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా పొగమంచు కమ్మితే నాలుగు వేల మంది పోయారని అప్పటి లెక్క, తర్వాతి అంచనాలు పన్నెండు వేల దాకా వెళ్లాయి. 1956లో చట్టం వచ్చింది. అది బొగ్గు పొగ వద్దని చెప్పి ఊరుకోలేదు, పొగ నిషేధించిన ప్రాంతాల్లో ఇళ్ల పొయ్యిలు మార్చుకోవడానికి అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే ఇచ్చింది. లేకపోతే చలిలో జనం బొగ్గు ఎందుకు మానేస్తారు?

మీ జాబితా మళ్లీ చదివాను. అగ్గిపుల్ల గీసే మనిషి అందులో లేడు. తెల్లవారుజామున ఆకులు ఊడ్చి తగలబెట్టేవాళ్లని ఎవరైనా పిలిచారా? బడి గేటు ముందు ఇంజన్ ఆపకుండా నిలబెట్టే డ్రైవర్లని? వాళ్లు లేకుండా వాళ్ల గురించి ఎంత మాట్లాడుకున్నా మంట ఆగదండి.

గాలివాటం:
నేను కొంచెం వేరేగా చెప్తాను. మాటలతో కొందరే కదులుతారు, కోర్టుని పక్కన పెట్టేయకండి. ఢిల్లీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది, 2001 మార్చి గడువు దాటిపోయింది, 2002 చివరికి గానీ పూర్తవలేదు. ఆర్డరు లేకపోతే అది కూడా జరిగేది కాదు. కానీ గ్యాస్ బంకులు సరిపడా లేక బస్సులు గంటల తరబడి క్యూలో నిలబడ్డాయి. డిపో, గ్యాస్ సరఫరా చేసేవాళ్లు ముందే కూర్చుని ఉంటే ఆ బాధ తగ్గేది. కాబట్టి మూడో మీటింగ్ పెట్టండి, ఒక్కొక్కరి చేత ఒకే పని, ఒకే తేదీ రాయించి సంతకం తీసుకోండి. బిల్డరైతే ఇసుక మీద టార్పాలిన్, లారీ బయటికొచ్చే ముందు చక్రాలు కడగడం. తేదీ దాటితే ఆ కాగితమే ఫిర్యాదుకి ఆధారం.

మూడోఅంతస్తు:
అందరికీ థాంక్స్. వానాకాలం గారి మాట చదివాక ఇవాళ పొద్దున ఆరింటికి కిందికి వెళ్లి ఊడ్చే అక్కని అడిగాను. ఆకులు తీసుకెళ్లే బండి వారానికి ఒక్కసారే వస్తుందట, కుప్ప కనపడితే మేస్త్రీ తిడతాడని తగలబెడుతున్నారట. నాలుగు నెలల్లో ఈ ఒక్క ప్రశ్న మేం ఎవరినీ అడగలేదు. మంట పక్కనే నిలబడి ఆమె కూడా దగ్గుతోంది. బండి రోజు విడిచి రోజు పంపమని ఇంజినీరుకి రాశాను, ఈసారి మీటింగ్‌కి ఆ అక్కనీ మేస్త్రీనీ పిలుస్తున్నాం. పొగమంచు గారూ, సెన్సర్‌ని ప్రభుత్వ కేంద్రం పక్కన పెట్టడానికి అనుమతి ఎవరిని అడిగారు?