సైన్సు పాఠంలో ఆన్‌లైన్ ఆటలు: మీ తరగతిలో ఏది పనిచేసింది?

ఉప్పల్ టీచర్
హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. తరగతిలో పెద్ద తెర ఉంది, నెట్ ఉంది. ఆట పెట్టిన రోజు పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. మరునాడు అడిగితే తెర మీద ఏది ఎటు కదిలిందో చెబుతారు, ఎందుకు కదిలిందో చెప్పలేరు. పాఠం నిజంగా తలకెక్కేలా ఆటను వాడినవారు ఎలా చేశారో చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్ ఫిజిక్స్
మేడమ్, విద్యుత్ వలయాలకు నేను ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ప్రయోగాలు, వాడతాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి, ఉచితం. గెలుపోటములు ఉండవు కానీ పిల్లలకు అది ఆటే. ఒక్క నియమం మాత్రం సడలించను: స్విచ్ వేసే ముందు ఏమవుతుందో ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి.

9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల నిరోధం ఉన్న బల్బు తగిలిస్తే కరెంటు కొలిచే అమ్మీటర్ 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, అలాంటిదే ఇంకో బల్బు కలిపితే? చాలామంది ‘మొదటిది బాగా వెలుగుతుంది, రెండోదానికి మిగిలిన కరెంటే అందుతుంది’ అని రాస్తారు. స్విచ్ వేస్తే రెండూ ఒకేలా వెలుగుతాయి. ‘అమ్మీటర్ తప్పు చూపిస్తోంది సార్’ అన్న పిల్లవాడే లేచి వచ్చి దాన్ని బల్బుకు ముందు, తర్వాత, బ్యాటరీ పక్కన పెట్టి చూశాడు. అన్నిచోట్లా 0.45. బల్బులో ఖర్చయ్యేది శక్తి, కరెంటు కాదు అన్న మాట అప్పుడు చెబితే వింటారు. ముందే చెబితే వినరు.

మెహదీపట్నం తల్లి
టీచర్లందరికీ ఒక విన్నపం. ఈ ఆటలను దయచేసి హోంవర్కుగా ఇవ్వకండి. మా పాప ‘సైన్సు ఆట’ అని ఫోను తీసుకుంటుంది, కాసేపటికి వేరే ఆటలో ఉంటుంది. ఇంటికి ఒకే ఫోను ఉన్నవాళ్లు మా వీధిలో చాలామంది. తరగతిలోనే, మీ ముందే ఆడించండి.

సికింద్రాబాద్ బయాలజీ
ఆ తల్లి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ప్రకృతి వరణానికి, అంటే పరిసరాలకు నప్పినవే మిగిలి పెరగడం చూపడానికి, ఫెట్‌లోనే కుందేళ్ల సిమ్యులేషన్ ఉంది. తెల్ల కుందేళ్ల మందలో గోధుమ రంగు ఉత్పరివర్తన (పుట్టుకతో వచ్చే జన్యు మార్పు) వదలండి, తోడేళ్లను పంపండి. వేడి ప్రాంతంలో గోధుమ రంగువి మిగులుతాయి. మంచు ప్రాంతానికి మార్చితే తెల్లవి మిగులుతాయి. ‘తోడేలుకు భయపడి కుందేలు రంగు మార్చుకుంది’ అనుకునే పిల్లలను ఒక్క కుందేలునే కనిపెట్టి చూడమనండి. అది పుట్టిన రంగుతోనే చస్తుంది, మారేది మంద. తోడేళ్లను పంపకుండా వదిలేస్తే కుందేళ్లు లోకాన్నే ఆక్రమించేస్తాయి. పిల్లలు ఎంతో ఇష్టంగా చూసే ఘట్టం అదే.

ఉప్పల్ టీచర్
గడియారం పెట్టి పాయింట్లు ఇచ్చే క్విజ్ ఆటల సంగతి?

మల్కాజిగిరి మాస్టారు
పునశ్చరణకు సరే. కొత్త పాఠానికి మాత్రం నేను ఒప్పుకోను. వేగంగా నొక్కినవాడు గెలుస్తాడు, ఆలోచించేవాడు వెనకబడతాడు.

తార్నాక పరిశోధక విద్యార్థి
ఇంటర్ పిల్లలకు ఫోల్డిట్ చూపించండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసింది, ప్రోటీన్‌ను మడతపెట్టే ఆట. కోతుల్లో ఎయిడ్స్ లాంటి వ్యాధి కలిగించే వైరస్‌కు చెందిన ఒక ఎంజైము నిర్మాణం పదేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు చిక్కలేదు. ఆటగాళ్లు మూడు వారాల్లో దారి చూపారు. ఆ ఫలితం 2011లో ప్రచురితమైంది. మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగే లాంటి పరిశోధనలో తామూ చేయి వేయవచ్చని తెలిస్తే పిల్లల ముఖాలే వేరుగా ఉంటాయి.

దిల్‌సుఖ్‌నగర్ ఫిజిక్స్
ఇంకో మాట. ఆట అయ్యాక అసలు బల్బులు చేతికివ్వండి. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న బల్బులు, హోల్డర్లు, మల్టీమీటర్ అన్నీ దొరుకుతాయి. రెండు బల్బులు శ్రేణిలో పెడితే కరెంటు సగం కాదు, సగం కంటే ఎక్కువ వస్తుంది. ఆటలో బల్బు నిరోధం మారలేదు. ఇక్కడ ఫిలమెంటు వేడి తగ్గింది, దానితో నిరోధమూ తగ్గింది. ఈ తేడా ఎందుకో పిల్లలనే అడగండి. ఉష్ణోగ్రత మారకపోతేనే ఓమ్ నియమం వర్తిస్తుందన్న షరతు గురించి అంతకు మించిన పాఠం నాకు దొరకలేదు.

ఉప్పల్ టీచర్
సోమవారం పదో తరగతికి శ్రేణి సంధానంతోనే మొదలుపెడతాను. మధ్యలో నెట్ పోతే?

సికింద్రాబాద్ బయాలజీ
ఫైలు ముందే దించుకోండి మేడమ్, నెట్ లేకుండా నడుస్తుంది. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి.